పాతకాలపు మహా గ్రంథాలయాల కట్టడం నుంచి మా ఊరి గ్రంథాలయానికి పనికొచ్చేది ఏమైనా ఉందా?

కావలి పాఠకుడు అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరలో ఉన్న మా ఊళ్ళో స్వాతంత్ర్యానికి ముందు కట్టిన చిన్న గ్రంథాలయం ఒకటి ఉంది. గానుగ సున్నంతో కట్టిన గోడలు, మద్రాసు మిద్దె (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం వేసిన కప్పు), ముందు వసారా. ఇప్పుడు మిద్దె కారుతోంది, దూలాలకు చెద పట్టింది. దాతలు ముందుకు రావడంతో దాన్ని పడగొట్టి కొత్త భవనం కట్టాలని ఊరి కమిటీ తీర్మానించింది. గీయించి తెచ్చిన ప్లానులో తూర్పువైపు నేల నుంచి కప్పు దాకా అద్దాలే ఉన్నాయి. గచ్చు రోడ్డు మట్టానికే ఉంది. పుస్తకాల బీరువాలను పడమటి గోడకు ఆనించి చూపించారు. ఎటు చూసినా నగల దుకాణంలాగానే కనిపిస్తోంది.

పాత గ్రంథాలయాల ఫోటోలు చూడడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. డబ్లిన్‌లోని పొడవాటి హాలు, కేంబ్రిడ్జిలో క్రిస్టఫర్ రెన్ కట్టినది, ఆస్ట్రియాలో అడ్మాంట్ మఠంలోని తెల్లటి గది, ఫ్లోరెన్సులో మైకెలాంజెలో రూపకల్పన చేసినది, మన చెన్నైలోని కన్నెమరా, ఇలా దేనికది వేరైనా కొన్ని పోలికలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయి. చదువుకునే గది చాలాచోట్ల పై అంతస్తులో ఉంటుంది, కిటికీలు మనిషికి అందనంత ఎత్తున ఉంటాయి, గోడలు అవసరానికి మించిన మందంతో ఉంటాయి. ఇవి రాజుల, మఠాధిపతుల వైభవాన్ని చాటడానికి చేసినవా, లేక పుస్తకాన్ని బతికించుకోవడానికి చేసిన ఏర్పాట్లా? వైభవం కోసమే అయితే మాకు దానితో పని లేదు. ఏర్పాట్లే అయితే కమిటీ ముందు పెట్టి మాట్లాడగలను. ఆ గదుల్లోకి ఎవరిని రానిచ్చేవారో తెలిసినవారు అది కూడా రాయగలరు, ఎందుకంటే పుస్తకాలను తాళం వేసి ఉంచాలా, చేతికి అందేలా ఉంచాలా అన్న తగువు కూడా మా కమిటీలో నడుస్తోంది.

ఒంగోలు విశ్రాంత ఇంజనీరు ఇచ్చిన సమాధానం:

కావలి పాఠకుడు గారికి, మీరు గమనించిన పోలికల్లో చాలావరకు తేమ వల్ల, వెలుతురు అవసరం వల్ల వచ్చినవే. వైభవం ఆ తరువాత వచ్చి చేరింది.

టర్కీలోని ఎఫెసస్ ఒకప్పుడు రేవు పట్టణం. అక్కడ క్రీస్తుశకం రెండో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కట్టిన సెల్సస్ గ్రంథాలయంలో దాదాపు 12,000 పపైరస్ చుట్టలు పట్టేవని అంచనా. చుట్టలు పెట్టే గూళ్ళున్న లోపలి గోడకూ బయటి గోడకూ మధ్య మనిషి నడిచేంత ఖాళీ వదిలారు. బయటి గోడ వానకు తడిసినా ఆ చెమ్మ చుట్టల దాకా రాకుండా ఆ ఖాళీ అడ్డుకునేది. ఈ రోజు పర్యాటకులు ఫోటో తీసుకునే ముఖభాగం 1970లలో ఆస్ట్రియా పురావస్తు శాఖవారు పడిపోయిన రాళ్ళను ఏరి తిరిగి నిలబెట్టినది. ఆ అందం వెనుక ఉన్న జంట గోడను చూసేవారు తక్కువ.

ఆ భవనం తూర్పు ముఖంగా ఉంటుంది. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ గ్రంథాలయాలు తూర్పు వైపు చూడాలని రాసిపెట్టాడు. ఉదయపు వెలుగు చదువుకోవడానికి అనుకూలమనీ, దక్షిణ, పశ్చిమ దిక్కుల నుంచి వచ్చే తడిగాలి పురుగునూ బూజునూ పెంచుతుందనీ ఆయన చెప్పిన కారణాలు. మన వాస్తు పండితులు ఇది వింటే సంతోషిస్తారేమో గాని, ఆ సలహాను దిక్కుతో సహా ఎత్తుకొచ్చి మన తీరంలో అమలు చేస్తే పుస్తకాలకు ముప్పు. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి కొడతాయి, సముద్రమూ తూర్పునే ఉంది. విట్రూవియస్ భయపడిన తడిగాలి మనకు సరిగ్గా ఆయన మెచ్చుకున్న దిక్కు నుంచే వస్తుంది. ఆయన చెప్పిన కారణాన్ని తీసుకుని దిక్కును మార్చుకోవడమే సరైన పద్ధతి. మీ ప్లానులోని తూర్పు అద్దాల గోడ మీద నా మొదటి అభ్యంతరం ఇదే.

పై అంతస్తు సంగతి కూడా అంతే. కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో రెన్ కట్టిన గ్రంథాలయం కామ్ నది ఒడ్డున ఉంది. 1676లో మొదలుపెట్టి 1695లో పూర్తి చేశారు. కింది భాగాన్ని స్తంభాల మండపంగా తెరిచి వదిలి, నదీతీరపు చెమ్మకు అందకుండా పుస్తకాలను పైకి ఎక్కించారు. అక్కడ రెన్ చేసిన ఒక చిన్న ఉపాయాన్ని వివరంగా చెప్పాలి. బయటి నుంచి చూస్తే కింది కమానులు పూర్తయ్యాకే పై అంతస్తు గచ్చు మొదలవుతుందని అనిపిస్తుంది. నిజానికి కమాను వంపు మొదలయ్యే మట్టంలోనే గచ్చు వేసి, ఆ వంపుల లోపలి భాగాన్ని రాతితో మూసేశాడు. దానివల్ల లోపల నిలబడినవారికి గచ్చుకూ కిటికీకీ మధ్య గోడ చాలా ఎత్తు దొరికింది. ఆ గోడ వెంట పుస్తకాల అరలు నిలబెట్టాడు, వాటికి అడ్డంగా మరిన్ని అరలు పెట్టి చిన్న చిన్న గదుల్లా విభజించాడు. కిటికీలన్నీ అరల పైనుంచి మొదలవుతాయి. వెలుగు పుస్తకాల వెన్నుల మీద నేరుగా పడకుండా, చదివేవారి బల్ల మీదికి పై నుంచి దిగుతుంది. బయటి అందమూ చెడలేదు, లోపలి పనీ జరిగింది. మీరు అడిగిన ఎత్తు కిటికీల రహస్యం ఇంతే.

డబ్లిన్ ట్రినిటీ కళాశాల హాలు 1712 నుంచి 1732 దాకా కట్టినది, పొడవు 65 మీటర్లు. దాని కింద కూడా మొదట తెరిచిన కమానుల వసారానే ఉండేది, 1892లో దాన్ని మూసివేశారు. ఈ రోజు ఫోటోల్లో మనల్ని ముగ్ధుల్ని చేసే ఆ చెక్క కమాను పైకప్పు అసలు కట్టడంలోనిది కాదు. పుస్తకాలు పెరిగి చోటు చాలక 1860 ప్రాంతంలో కప్పును ఎత్తి, పైన ఇంకో వరుస అరలు చేర్చినప్పుడు వచ్చింది. మనం వైభవం అనుకుంటున్నది అక్కడ చోటు చాలకపోవడం వల్ల పుట్టింది.

ఫ్లోరెన్సు గురించి ఒక్క మాట. అది కూడా ఒక మఠపు వసారా మీద లేచిన పై అంతస్తే కాబట్టి కింది గోడలకు భారం తగ్గించడం మైకెలాంజెలోకు అవసరమైంది. గోడలో స్తంభాల్లాంటి పట్టీలు ఉబ్బెత్తుగా కనిపించేది అందుకే. బరువును అవి మోస్తాయి, మధ్య గోడ పల్చగా ఉంటుంది.

మన వాతావరణానికి వీటన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ దక్షిణ కొరియాలోని హేఇన్సా ఆలయంలో ఉంది. బౌద్ధ త్రిపిటకాన్ని అచ్చువేయడానికి 13వ శతాబ్దంలో చెక్కిన 81,258 చెక్క పలకలు అక్కడ ఉన్నాయి. వాటిని దాచిన భవనాలు 15వ శతాబ్దానివి. ముందు గోడలో కింది కిటికీలు పెద్దవి, పై కిటికీలు చిన్నవి. వెనుక గోడలో దీనికి తిరగేసి, కిందివి చిన్నవి, పైవి పెద్దవి. గాలి ముందువైపు కింద నుంచి ప్రవేశించి, పలకల మధ్య తిరిగి, వెనుకవైపు పై నుంచి బయటికి పోతుంది. గచ్చు కింద మట్టిలో బొగ్గు, సున్నం, ఉప్పు పొరలుగా వేశారు. వానాకాలంలో అది తేమను పీల్చుకుంటుంది, ఎండాకాలంలో వదులుతుంది. ఫ్యాను లేదు, యంత్రం లేదు. ఆ పలకలు ఇప్పటికీ అచ్చుకు పనికొచ్చే స్థితిలో ఉన్నాయి.

నెల్లూరు అధ్యాపకురాలు ఇచ్చిన సమాధానం:

ఇంజనీరు గారు గోడల సంగతి చక్కగా చెప్పారు. ఎవరిని రానిచ్చేవారన్న రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు రాస్తాను.

ఇటలీలోని చెజేనా పట్టణంలో మలతేస్తా గ్రంథాలయాన్ని 1447లో మొదలుపెట్టి 1452 నాటికి కట్టారు. పాఠకులు కూర్చునే బల్లలకు పుస్తకాలను ఇనుప గొలుసులతో కట్టేశారు, ఈనాటికీ అవి అలాగే ఉన్నాయి. పుస్తకాన్ని బయటికి తీసుకుపోవడానికి లేదు గాని, బల్ల దగ్గరికి వచ్చినవారు చదువుకోవచ్చు. ఆ గ్రంథాలయం బాధ్యతను అక్కడి ఫ్రాన్సిస్కన్ సన్యాసులకూ పట్టణ పాలకులకూ ఉమ్మడిగా అప్పగించారు. తలుపు తెరవాలంటే ఇరువురి దగ్గరా ఉన్న తాళంచెవులు కలవాలి. గొలుసు చూస్తే మనకు బందిఖానా అనిపిస్తుంది. ఒక్కో ప్రతినీ నెలల తరబడి చేత్తో రాసుకున్న కాలంలో, నలుగురు చదివేచోట పుస్తకం నిలవడానికి గొలుసే దారి చూపింది.

దీనికి ఎదురుగా చైనాలోని నింగ్‌బో పట్టణంలో 1561లో మొదలైన తియన్‌యీ గె ఉంది. మింగ్ పాలకుల కాలంలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్న ఫాన్ చిన్ అనే అధికారి సొంత పుస్తకాల కోసం కట్టుకున్నది. ముందు చెరువు తవ్వించాడు, నిప్పంటుకుంటే చేతికి నీళ్ళు అందాలని. ఇంటి నివాసాలకు దూరంగా, చుట్టూ ఖాళీ వదిలి కట్టాడు. పుస్తకాల మధ్య పురుగును దగ్గరికి రానివ్వని ఆకులు పెట్టించాడు. ఇంత చేసినవాడు వంశస్థులకు కఠినమైన కట్టుబాటు కూడా పెట్టాడు. బయటివారికి ప్రవేశం లేదు, బీరువాల తాళాలు వేర్వేరు శాఖల వారి దగ్గర ఉంటాయి, అందరూ కలిస్తే తప్ప తెరుచుకోవు. 1673లో హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుణ్ణి లోపలికి అనుమతించడం పెద్ద విశేషంగా చరిత్రకెక్కింది. తరువాతి కాలంలో చియెన్‌లాంగ్ చక్రవర్తి తన మహా గ్రంథసంచయాన్ని దాచడానికి ఏడు గ్రంథాలయాలు కట్టించినప్పుడు ఈ ఇంటి కట్టడాన్నే నమూనాగా తీసుకున్నాడు. ఆ పుస్తకాల్లో కొంత భాగం నాలుగు వందల ఏళ్ళకు పైగా నిలిచిందన్నది నిజం. ఆ కాలంలో వాటిని చదివినవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే అన్నదీ నిజమే. మీ కమిటీలో తాళం పక్షాన మాట్లాడేవారికి ఈ రెండూ కలిపి చెప్పండి.

మన వైపు కథ వేరు. తాటాకు గ్రంథాలు ఇళ్ళలో, మఠాలలో, ఆస్థానాలలో ఉండేవి. ఎర్రటి గుడ్డలో చుట్టి, వస కొమ్ములు వేసి, అప్పుడప్పుడూ ఎండకు చూపించి, ఆకు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె రాసేవారు. నూనె మరక నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి తనను కాపాడమనీ, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వొద్దనీ పుస్తకమే వేడుకుంటున్నట్టు చెప్పే పాత సంస్కృత శ్లోకం మనలో చాలామంది విన్నదే. నలందలో రత్నసాగరం, రత్నోదధి, రత్నరంజకం అనే మూడు గ్రంథాలయ భవనాలు ఉండేవని టిబెట్ సంప్రదాయం చెబుతుంది.

తెలుగువారు తప్పక చూడవలసినది తంజావూరు సరస్వతీ మహల్. నాయక రాజుల కాలంలో అక్కడ తెలుగే ఆస్థాన సాహిత్య భాషగా వెలిగింది. రఘునాథ నాయకుడు స్వయంగా కవి, చేమకూర వేంకటకవి ఆయన కొలువులో ఉన్నవాడు. ఆ తరువాత వచ్చిన మరాఠా రాజుల్లో రెండవ శరభోజి, అంటే 1798 నుంచి 1832 దాకా ఉన్నవాడు, ఆ భాండాగారాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. కాశీయాత్రకు వెళ్ళినప్పుడు పండితులను పెట్టి గ్రంథాలకు నకళ్ళు రాయించి తెచ్చాడు. సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగు తాళపత్రాలు వందల సంఖ్యలో అక్కడ ఉన్నాయి. రాజుగారి కోటలో ఉన్న ఆ సంపద సామాన్య ప్రజలకు 1918లో అందుబాటులోకి వచ్చింది.

ఇక కన్నెమరా. 1890లో శంకుస్థాపన జరిగి 1896 డిసెంబరు 5న తెరుచుకున్న ఆ భవనాన్ని హెన్రీ ఇర్విన్ రూపొందించాడు. పాత హాలులోని చెక్కిన టేకు అరలూ, రంగు అద్దాల కిటికీలూ చూసినవారు మరచిపోలేరు. అయితే నా దృష్టిలో దాని గొప్పతనం రంగు అద్దాల్లో లేదు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతిని అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో అది ఒకటి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో నెల్లూరు మనిషికి రాజధాని గ్రంథాలయం అదే. రైలెక్కితే సగం పూట ప్రయాణం. ఇక్కడి పండితుల పాత వ్యాసాల్లో మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ప్రస్తావన అంత తరచుగా రావడానికి ఈ దగ్గరితనం ఒక కారణం. కాలిన్ మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు చేరింది ఆ భాండాగారానికే.

కావలి పాఠకుడు అడిగిన ఉపప్రశ్న:

ఇద్దరికీ కృతజ్ఞతలు. తూర్పు అద్దాల విషయం నిన్న కమిటీలో చెప్పాను, ఒకరిద్దరు ఆలోచనలో పడ్డారు. అయితే ఒక పెద్దాయన వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ దొరల గ్రంథాలయాలు పగటి వెలుగు కోసం అన్ని తంటాలు పడ్డాయి సరే, ఇప్పుడు కరెంటు ఉంది, ఎల్‌ఈడీ దీపాలు ఉన్నాయి, ఇంకా కిటికీల గొడవ ఎందుకని ఆయన వాదన. పైగా ఊళ్ళో ఇంతమంది ఇంత ఖర్చు పెడుతున్నప్పుడు కాస్త అందంగా ఉండాలని కోరుకోవడం తప్పా అని కూడా అడిగారు.

వేటపాలెం వాసి ఇచ్చిన సమాధానం:

ఆ పెద్దాయన రెండో ప్రశ్న నాకు నచ్చింది. ఇంజనీరు గారు అలంకారాన్ని కొంచెం తక్కువ చేసి మాట్లాడారని నాకనిపిస్తోంది. 1776లో పూర్తయిన అడ్మాంట్ హాలు పొడవు దాదాపు 70 మీటర్లు. పైన ఏడు గుమ్మటాలలోనూ బార్తొలొమెయో అల్తొమొంతె చిత్రాలు వేశాడు. మనిషి ఆలోచనతో, వాక్కుతో మొదలై ఒక్కో శాస్త్రం మీదుగా దైవజ్ఞానం దాకా ఎలా ఎదుగుతాడో ఆ బొమ్మలు వరుసగా చూపిస్తాయి. పుస్తకం తెరవకముందే ఆ గది చదువు గురించి ఒక మాట చెబుతుంది. దాన్ని ఆడంబరమని కొట్టివేయలేం. అలాగే పారిస్‌లో ఆన్రీ లాబ్రూస్త్ కట్టిన సెయింట్ జెనెవీవ్ గ్రంథాలయం బయటి గోడ మీద 810 మంది రచయితల పేర్లు చెక్కి ఉంటాయి. లోపల అరలు ఉన్న గోడకు బయటివైపే ఆ పేర్లు ఉంటాయి. అలంకారం అంటే అంతే, కానీ దారిన పోయేవాడికి లోపల ఏముందో చెప్పే అలంకారం.

మొదటి ప్రశ్నకు కూడా జవాబు ఆ భవనంలోనే ఉంది. పాతకాలంలో గ్రంథాలయాలు దీపాన్ని చూసి భయపడేవి. ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్‌లో చేరే పాఠకుడు లోపలికి నిప్పు తేననీ, మంట వెలిగించననీ ప్రమాణం చేయాలి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరం 1857లో అంత పెద్ద గుమ్మటంతో తెరుచుకున్నా, 1879లో విద్యుద్దీపాలు వచ్చేదాకా మంచు కమ్మిన రోజు మూసివేయవలసి వచ్చేది. లాబ్రూస్త్ మాత్రం సన్నని ఇనుప స్తంభాల మీద ఇనుప కమానులు నిలబెట్టి, గ్యాసు దీపాలు పెట్టి, రాత్రి వేళ కూడా తెరిచి ఉంచేలా కట్టాడు. పగలంతా తరగతుల్లో ఉండే విద్యార్థులకు సాయంత్రం చదువుకునే చోటు దొరికింది. కాబట్టి దీపం వచ్చాక మారింది ముఖ్యంగా పనివేళలు. ఎండ వల్ల కాగితం పసుపెక్కి పెళుసవడం మాత్రం ఎల్‌ఈడీ వచ్చినా ఆగదు. అద్దాల గోడ ఉంటే ఎండ లోపలికి రాక తప్పదు, దాన్ని ఆపడానికి తెరలు వేసి, మళ్ళీ పగలే దీపాలు వెలిగించుకోవాలి.

మా వేటపాలెంలో, అది 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా, 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారి చొరవతో సారస్వత నికేతనం మొదలైంది. అధ్యాపకురాలు చెప్పిన సరస్వతీ మహల్ జనానికి తెరుచుకున్న ఏడాదే ఇది కూడా. అక్కడ రాజు పోగుచేసినది ప్రజల చేతికి వచ్చింది, ఇక్కడ ప్రజలే పోగుచేసుకున్నారు. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. గుమ్మటాలు లేవు, గోడ చిత్రాలు లేవు. అయినా పాత తెలుగు పత్రికల సంచికల కోసం దూరప్రాంతాల పరిశోధకులు ఈ రోజుకూ ఇక్కడికి వస్తున్నారు. చేనేత ఊరు ఇది, మగ్గం దిగి వచ్చినవారూ పత్రిక చదివిన చోటు. తెలుగునాట గ్రంథాలయోద్యమం భవనాల కోసం ఆగలేదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. 1935 ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీదే పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఆ పడవకు వాస్తుశిల్పి ఎవరని అడిగితే చెప్పలేం గాని, పుస్తకం పాఠకుడి రేవుకు వచ్చింది. తాళం విషయంలో నా ఓటు ఎటో దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. అరుదైన పాత సంచికలకు మాత్రం తాళం ఉండవలసిందే.

ఒంగోలు విశ్రాంత ఇంజనీరు ఇచ్చిన రెండో సమాధానం:

అలంకారం వద్దని నేను అనలేదు, డబ్బు ముందు చెమ్మకు, చెదకు పోయాక మిగిలితే పెట్టమంటాను. వేటపాలెం వాసి చెప్పిన పేర్ల ఆలోచన మాత్రం బాగుంది. ముందు గోడకు చీమకుర్తి నల్ల గ్రానైటు పలక పెట్టి తిక్కన మొదలు మన జిల్లాల కవుల పేర్లు చెక్కిస్తే అద్దాల గోడ ఖర్చులో చిన్న భాగమే అవుతుంది, తుపాను వచ్చినా పగలదు.

కమిటీకి చెప్పవలసినవి ఇవి. ముందుగా ఆ పాత భవనాన్ని పడగొట్టాలా అన్నది మళ్ళీ ఆలోచించండి. గానుగ సున్నం గోడ తేమను పీల్చి వదులుతుంది. సిమెంటు పూత వేస్తే ఆ గుణం పోతుంది. చెద పట్టిన దూలాలు మార్చి, మిద్దె మీద సున్నపు పూత తిరిగి వేయించగలిగే మేస్త్రీలు తగ్గిపోయారు గాని పూర్తిగా లేకుండా పోలేదు, అడిగి చూడండి. కొత్తదే కట్టాలనుకుంటే బేస్‌మట్టం రోడ్డు కన్నా కనీసం మూడు అడుగులు పైకి లేపండి. వాయుగుండం వచ్చిన ప్రతిసారీ రోడ్డు మీద నీళ్ళు నిలిచే ప్రాంతం మీది, రోడ్డు కూడా ఏటికేడాది పెరుగుతూనే ఉంటుంది. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఊచలు తుప్పు పట్టి పెచ్చులూడతాయి కాబట్టి ఊచల మీద కాంక్రీటు మందం విషయంలో కాంట్రాక్టరు మాట వినకండి. తూర్పు వైపు లోతైన వసారా ఉంచి, దాని వెనుక కిటికీలు పెట్టండి. ఉత్తరపు గోడలో, బీరువాల తల పైన, వరుస కిటికీలు సన్‌షేడ్‌లతో వేయించండి. ఉత్తరపు వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది. మన అక్షాంశంలో మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగినా సన్‌షేడ్ దాన్ని ఆపుతుంది. ఎదురు గోడలో హేఇన్సాలోలాగా కింద ఒక వరుస, పైన ఒక వరుస చిన్న వెంటిలేటర్లు పెట్టి, దోమతెర బిగించండి.

బీరువాలను పడమటి గోడకు ఆనించవద్దు. ఎండంతా ఆ గోడే మోస్తుంది, వేసవి సాయంత్రం దాన్ని ముట్టుకుంటే మీకే తెలుస్తుంది. గోడకూ బీరువాకూ మధ్య మనిషి దూరి ఊడ్చగలిగేంత సందు వదిలితే సెల్సస్ గ్రంథాలయం చేసిన పని మీకు దాదాపు ఖర్చు లేకుండా జరుగుతుంది, చెద మట్టి గీతలు కూడా ముందే కంటపడతాయి.

దోమతెర అన్నాను కాబట్టి ఒక ముచ్చట. పోర్చుగల్‌లోని కొయింబ్రా విశ్వవిద్యాలయంలో 18వ శతాబ్దంలో కట్టిన జొవానినా గ్రంథాలయంలో గబ్బిలాలు కాపురం ఉంటాయి. రాత్రి పుస్తకాల పురుగులను అవి పట్టి తింటాయి. సిబ్బంది సాయంత్రం బల్లల మీద తోలు కప్పి వెళ్ళి, ఉదయం రెట్టలు తుడుస్తారు. మీ కమిటీకి ఇది చెబితే నవ్వుతారు గాని, పాత మిద్దెలో ఇప్పటికే గబ్బిలాలు ఉంటే వాటిని తరమడానికి మందు కొట్టించేముందు, అది మీద పడకుండా పుస్తకాలను వేరేచోటికి తరలించండి. మీ పాత బీరువాల కొలతలు, కిటికీల కొలతలు రాసి పంపితే ఉత్తరపు గోడ నమూనా ఒకటి గీసి ఇక్కడే పెడతాను.